అత్త కొట్టిన కుండకు నష్టపరిహారం ఎంత?

ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తినందుకు జరిమానా కట్టినవారి జాబితా ఎవరైనా తయారుచేస్తే, అందులో ఆకివీడు, ఉండి, కాళ్ళ, మొగల్తూరు మండలాల రొయ్యల రైతులను కూడా చేర్చాలి. పిల్లల్ని మెడిసిన్ చదవడానికి అక్కడికి పంపిన ఇళ్ళను మినహాయిస్తే, ఆ యుద్ధంతో వాళ్ళకున్న సంబంధం టీవీలో చూసినంత మాత్రమే. అయినా కట్టారు.

2025 ఆగస్టులో అమెరికా భారతదేశం నుంచి వచ్చే చాలా సరుకుల మీద ముందు 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వేసింది. రొయ్య మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవకగా దించుతున్నారని వేసే సుంకం) వగైరా సుంకాలు వీటికి అదనం. మన దేశపు రొయ్యను అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా. ఆ రొయ్యను అందరికంటే ఎక్కువగా పెంచేది ఆంధ్రప్రదేశ్. దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు.

ఇక్కడ అమెరికాలో, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని ఈ వార్త చదివిన మన తెలుగువాళ్ళలో చాలామంది చెరువు చూసి ఏళ్ళు గడిచి ఉంటాయి కాబట్టి కొంచెం చెబుతాను. రొయ్యను కౌంటు లెక్కన కొంటారు. కిలోకు ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. రొయ్య పెద్దదయ్యేకొద్దీ కౌంటు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. సుంకం వార్త రాగానే కొనుగోలుదారులు ధర కోశారు. ధాన్యమైతే కళ్ళం మీదో గోదాములోనో నాలుగు రోజులు ఆపుకోవచ్చు. పట్టుబడికి వచ్చిన వెనామీ రొయ్యను ఆపడం ఎలా? ఒక్కరోజు ఆగితే ఒక్కరోజు మేత, నీటికి గాలి అందించడానికి రాత్రంతా తిరిగే ఏరియేటర్ల కరెంటు, వైట్‌స్పాట్ తెగులు వస్తుందేమోనన్న భయం. కరెంటు పోతే జనరేటరు. ఆ జనరేటరులో పోసే డీజిలు, రష్యా ముడిచమురు చవకగా దిగిన ఏళ్ళలో కూడా పంపు దగ్గర పెద్దగా చవక కాలేదు. లాభం చమురు శుద్ధి కర్మాగారాల పద్దులో పడింది, శిక్ష చెరువు గట్టు మీద పడింది. ఆ తరువాత సుంకాలు ఎటు మారినా, ఆ రోజుల్లో వచ్చిన ధరకు తెగనమ్ముకున్న రైతుకు పోయింది తిరిగి రాదు.

అదే చమురును మనకంటే ఎక్కువగా కొన్న చైనాకు ఈ శిక్ష పడలేదు. నాటో సభ్యదేశమైన టర్కీకి పడలేదు. యుద్ధం మొదలై మూడేళ్ళు దాటినా రష్యా గ్యాసును ఓడల్లో దింపుకుంటూనే ఉన్న యూరప్ దేశాలకూ పడలేదు. అమెరికా కూడా రష్యా నుంచి ఎరువులు, పల్లాడియం, అణు విద్యుత్తుకు కావలసిన యురేనియం కొంటోందని మన విదేశాంగ శాఖ ఆగస్టు మొదటి వారంలోనే ఎత్తిచూపింది. ఇదంతా పత్రికల్లో వచ్చిందే. అంతగా చర్చకు రానిది ఇంకొకటి ఉంది. ఆ సుంకం సొమ్ము ఎవరికి చేరింది? అమెరికా ఖజానాకు. ఖార్కివ్‌లో ఇల్లు కూలినవారికి అందులో ఒక్క డాలరైనా ఇవ్వాలని ఆ ఉత్తర్వులో లేదు. ఉక్రెయిన్ పేరు చెప్పి వసూలు చేసిన జరిమానా ఇది. ఉక్రెయిన్‌కు చేరని జరిమానా.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. దేశాల మధ్య దండయాత్రల విషయంలో ఈ సామెత ఎంతగా అతుకుతుందో వివరిస్తూ ఇప్పటికే బోలెడంత రాశారు. ఎవరు ఎంత గట్టిగా ఖండించారు, ఎవరు మౌనంగా ఉన్నారు, ఎవరు ఏ మాట వాడారు అని వాళ్ళు కొలుస్తారు. నాకు ఆ కొలత మీద పెద్ద నమ్మకం లేదు. ఖండించడానికి ఖర్చు కాదు. కుండ పగిలింది కదా, దాని ఖరీదు ఎవరు కట్టారు? నేను చూసేది అదొక్కటే.

అలా చూస్తే, గత నలభై యాభై ఏళ్ళలో పొరుగుదేశం మీద పడినందుకు కోర్టో సంఘమో లెక్కగట్టి సొమ్ము రాబట్టిన సందర్భాల్లో ముఖ్యంగా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ఇరాక్. రెండోది ఉగాండా. 1998లో మొదలైన కాంగో యుద్ధంలో చేసిన నష్టానికి 32.5 కోట్ల డాలర్లు కట్టాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2022 ఫిబ్రవరి 9న ఉగాండాను ఆదేశించింది. ఏడాదికి 6.5 కోట్ల చొప్పున ఐదు వాయిదాలు. ఉగాండా మొదటి వాయిదా ఆ ఏడాదే కట్టింది. మంచిదే, కట్టవలసిందే. ఈ ఇద్దరికీ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో వీటో, అంటే తీర్మానాన్ని ఒంటిచేత్తో ఆపే హక్కు, లేదన్నది మాత్రం మరచిపోకండి.

ఇరాక్ సంగతి మన గోదావరి జిల్లాలకు బాగా దగ్గరది.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లో దిగింది. కోనసీమ, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు, డ్రైవర్లుగా, మేస్త్రీలుగా వెళ్ళిన మగవాళ్ళు ఎందరో అప్పుడు అక్కడ ఉన్నారు. మా పిన్ని వారిలో ఒకరు. రాజోలు దగ్గరి పల్లె. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు వేసవి సెలవులకని వేరే దేశం వెళ్ళి ఉన్నారు. ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని ఇనప్పెట్టెలో ఉంది. తోటి తెలుగువాళ్ళతో కలిసి బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దుకు చేరింది. అక్కడ ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం వరుసలు. అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగింది. ఆ రెండు నెలల్లో అమ్మాన్ నుంచి అలా తీసుకువచ్చిన భారతీయులు లక్షకు పైమాటే. పౌర విమానాలతో అంతమందిని తరలించడం అంతకుముందు ఎక్కడా జరగలేదు.

భద్రతామండలి అదే రోజు ఖండించింది. నాలుగు రోజుల్లో ఆంక్షలు విధించింది. నవంబరు 29న బలప్రయోగానికి అనుమతి ఇచ్చింది. 1991లో జెనీవా కేంద్రంగా ఒక నష్టపరిహార సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఇరాక్ అమ్మే చమురు మీద వచ్చే సొమ్ములో మొదట 30 శాతం దాకా ఆ సంఘం నిధికి జమ కావాలని నిర్ణయించారు. నష్టపోయినవారు వారి వారి ప్రభుత్వాల ద్వారా ఫారాలు పెట్టుకున్నారు. కువైట్ వదిలి రావలసి వచ్చినవారిది ఎ వర్గం. ఇంకే వర్గంలోనూ దరఖాస్తు పెట్టకపోతే ఒక్కరికి 4,000 డాలర్లు. కువైట్‌లో ఉన్నామని చూపించగలిగితే చాలు, పోయిన వస్తువుల జాబితా అక్కర్లేదు, రసీదులు అక్కర్లేదు. పేదవారిని దృష్టిలో పెట్టుకుని తీసుకున్న మంచి నిర్ణయం అది. ఈ వ్యాసంలో నేను ఐక్యరాజ్యసమితిని మెచ్చుకునేది ఈ ఒక్కచోటే.

మా పిన్నికి ఆ డబ్బు విడతలుగా వచ్చింది. రూపాయల్లో లక్షన్నర దాకా. ఈలోగా 1996 నవంబరు 6 తుఫాను కోనసీమను నేలమట్టం చేసింది. ఆమె తాటాకు ఇల్లు, పెరట్లోని కొబ్బరిచెట్లు రాత్రికి రాత్రే పోయాయి. కువైట్ పరిహారంతో రెండు గదుల డాబా వేసింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది. ఆ శ్లాబులో ఉన్న ఇనుమూ సిమెంటూ ఇరాక్ ప్రజల చమురు డబ్బు. కిర్కుక్ నుంచో బస్రా నుంచో బయలుదేరి రాజోలు చేరింది.

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌లో ప్రవేశించాయి. భద్రతామండలి అనుమతి లేదు. అడిగితే దొరకదని తెలిసి అడగడం మానేశారు. ఆ ఏడాది ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి మండలిలో కూర్చుని చూపించిన ఆయుధాలేవీ తరువాత దొరకలేదు. ఆ దండయాత్ర ఐక్యరాజ్యసమితి నియమావళి ప్రకారం చట్టవిరుద్ధమని అప్పటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004 సెప్టెంబరులో ఒప్పుకున్నారు. ఆ యుద్ధంలో, దాని వెంట వచ్చిన అల్లకల్లోలంలో లక్షకు పైగా పౌరులు చచ్చిపోయారు. మా పిన్ని టీవీలో బాగ్దాద్ మీద బాంబులు పడటం చూస్తూ అడిగింది. ఆమెకు ఆ ఊరు తెలుసు. బస్సు ఆగినప్పుడు అక్కడివాళ్ళే కుబుస్ రొట్టెలు, నీళ్ళు తెచ్చి ఇచ్చారట. "మనకైతే వాళ్ళ చేత కట్టించారు. మరి వాళ్ళకు ఎవరు కడతారురా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు ఒక కాగితంలో ఉంది. 2003 మే 22న భద్రతామండలి చేసిన 1483వ తీర్మానం. అమెరికా, బ్రిటన్లను ఇరాక్‌లో ఆక్రమణ శక్తులుగా అందులో గుర్తించారు. ఇరాక్ చమురు సొమ్ము ఏ ఖాతాలో పడాలో, దాన్ని ఎవరు ఖర్చుపెట్టాలో అందులోనే రాశారు. ఆ సొమ్ములో 5 శాతం కువైట్ నష్టపరిహార నిధికి కడుతూ ఉండాలని కూడా అదే తీర్మానంలో రాశారు. మళ్ళీ చదవండి. 1990లో చేసిన దండయాత్రకు ఇరాక్ పరిహారం కట్టాలి. 2003లో ఇరాక్ మీద దండయాత్ర చేసినవారు మిగతా చమురు సొమ్ము ఎలా ఖర్చుపెట్టాలో చెబుతారు. ఒకే తీర్మానంలో. ఇంత నిర్మొహమాటమైన వ్యంగ్యం మన గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు కూడా రాయలేడు.

ఇరాక్ కట్టింది. ఆక్రమణలో ఉన్నప్పుడు కట్టింది. ఇస్లామిక్ స్టేట్ ముఠా మోసుల్‌ను పట్టుకున్న తరువాత కొన్నేళ్ళు వాయిదా ఇచ్చారు, ఆ తరువాత మళ్ళీ కట్టింది. చివరి వాయిదా 2022 జనవరిలో చెల్లించింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. దరఖాస్తులు దాదాపు 27 లక్షలు, పరిహారం పొందినవారు సుమారు 15 లక్షలు. సంఘం పని పూర్తయిందని భద్రతామండలి తీర్మానం చేసిన తేదీ 2022 ఫిబ్రవరి 22. రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 24 తెల్లవారుజామున, ఆ మండలిలో శాశ్వత సభ్యత్వం ఉన్న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. ఆ నెల మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నదీ రష్యాయే.

ఇరాక్ పౌరులకు అమెరికా ఏమీ ఇవ్వలేదా అంటే, కొంత ఇచ్చింది. పొరపాటున మనిషిని చంపినప్పుడు, ఇల్లు కూల్చినప్పుడు సైనికాధికారులు సంతాప చెల్లింపు పేరుతో నగదు ఇచ్చేవారు. ప్రాణానికి సాధారణంగా గరిష్ఠం 2,500 డాలర్లు. తప్పు ఒప్పుకున్నట్లు కాదని, బాధ్యత వహించినట్లు కాదని ముందే చెప్పేవారు. కువైట్ నుంచి ఒంటిమీద చీరతో తిరిగివచ్చినందుకు మా పిన్నికి దక్కింది 4,000. అంకెల తేడా కంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఆమెకు వచ్చింది హక్కుగా వచ్చింది. ఒక సంఘం విచారించి, ఇది నీకు రావలసిన సొమ్ము అని చెప్పి ఇచ్చింది. బాగ్దాద్ తండ్రికి కొడుకు శవంతో పాటు దక్కింది దయ.

ఇక్కడ నా మిత్రులు ఒక మాట అంటారు. సద్దాం నియంత, సొంత ప్రజల మీద విషవాయువు వదిలినవాడు, అతన్ని దించడమూ జెలెన్‌స్కీని దించబోవడమూ ఒకటేనా? ఒకటి కాదు, నిజమే. అయితే నియంతను దించడం మంచి కారణమని ప్రపంచం నిజంగా నమ్మితే, 1979 జనవరిలో కంబోడియా నియంత పోల్‌పాట్‌ను దించిన వియత్నాంకు సన్మానం చేసి ఉండాలి. పది లక్షలకు పైగా సొంత ప్రజలను చంపిన పాలన అది. ఏం జరిగింది? వియత్నాం మీద ఆర్థిక ఆంక్షలు పడ్డాయి. అడవుల్లోకి పారిపోయిన అతని ఖ్మేర్ రూజ్ పక్షానికే ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీని ఏళ్ళ తరబడి అట్టిపెట్టారు. ఓటు వేసినవారిలో అమెరికా, చైనా రెండూ ఉన్నాయి. ఆ రోజుల్లో కొత్త కంబోడియా ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో మనది ఒకటి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చిన తరువాత కూడా, డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభలో కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలని 104 దేశాలు ఓటు వేశాయి. మనతో నిలిచినవి పది. దించినది ఎవరు అన్నదాన్ని బట్టి కారణం మంచిదో చెడ్డదో తేలుతుంది.

కోర్టుకు వెళ్ళినా అంతే. నికరాగ్వా రేవుల్లో మందుపాతరలు పెట్టించినందుకు, తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చినందుకు అమెరికా పరిహారం చెల్లించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 1986 జూన్ 27న తీర్పు చెప్పింది. తీర్పును అమలు చేయమని భద్రతామండలిలో తీర్మానం పెడితే అమెరికా వీటో చేసింది. సర్వసభలో 94 దేశాలు అనుకూలం, 3 వ్యతిరేకం. అయినా పైసా రాలలేదు. నికరాగ్వాలో తరువాత వచ్చిన కొత్త ప్రభుత్వం 1991లో కేసును వెనక్కి తీసుకుంది.

ఉక్రెయిన్ విషయంలో ప్రపంచం కదిలిన వేగం చూశాం. నాలుగు రోజుల్లో ఫుట్‌బాల్ పోటీల నుంచి రష్యా బహిష్కరణ. ఆరు రోజుల్లో సర్వసభలో 141 దేశాల ఖండన. మార్చి 4న యూరోపియన్ యూనియన్ తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని అమల్లోకి తెచ్చింది. శరణార్థులకు వెంటనే నివాసం, పని చేసుకునే హక్కు ఇచ్చే చట్టం అది. 2001లోనే రాసిపెట్టుకున్నారు. 2015లో సిరియా నుంచి లక్షలమంది నడుచుకుంటూ వచ్చినప్పుడు దాన్ని బయటకు తీయలేదు. కీవ్ నుంచి మాట్లాడిన ఒక అమెరికన్ టీవీ విలేఖరి, ఇది ఇరాక్, అఫ్ఘానిస్తాన్ లాంటిది కాదు, కొంత నాగరికమైన చోటు అన్నాడు. తరువాత క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ వారమే సరిహద్దుల్లో గడ్డకట్టే చలిలో మన తెలుగు విద్యార్థులు, ఆఫ్రికా విద్యార్థులు వరుసల్లో వెనక్కి నెట్టివేతకు గురయ్యారు. భీమవరం, అమలాపురం ఇళ్ళలో ఫోను పట్టుకుని రాత్రంతా కూర్చున్న తల్లిదండ్రులకు నాగరికత మీద ఆ విలేఖరి లెక్చరు అవసరం లేదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2023 మార్చిలో పుతిన్ మీద అరెస్టు వారంటు ఇస్తే అది సమంజసమేనని అమెరికా అధ్యక్షుడు బైడెన్ అన్నారు. 2024 నవంబరులో గాజా యుద్ధం విషయంలో అదే కోర్టు నెతన్యాహు మీద, అదే రోజు హమాస్ నాయకుడొకరి మీద కూడా వారంట్లు ఇస్తే, నెతన్యాహు మీద ఇవ్వడం దారుణం అన్నారు. తరువాత వచ్చిన అధ్యక్షుడు ఒక అడుగు ముందుకు వేసి కోర్టు మీదే ఆంక్షలు విధించాడు. ఈ ఇద్దరు అధ్యక్షుల పార్టీలకూ ఇక్కడి మనవాళ్ళు విరాళాలు ఇస్తారు, రెండు పార్టీల నాయకులతోనూ దీపావళి ఫొటోలు దిగుతారు. ఈ ముక్క సంపాదకులు ఉంచుతారో తీసేస్తారో చూడాలి.

ఇంతవరకు చదివి, అమెరికాను భలే కడిగేశాడు అని సంతోషించినవారు కాస్త ఆగండి. మన ఇంట్లోనూ కుండలు పగిలాయి.

1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ మీద బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ పడితే నెహ్రూ వెంటనే గొంతెత్తారు. అదే వారాల్లో సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్టులో దిగితే మన గొంతు పెగల్లేదు, ఐక్యరాజ్యసమితిలో తటస్థంగా ఉండిపోయాం. 1968లో సోవియట్ సేనలు చెకొస్లొవేకియా రాజధాని ప్రేగ్‌లో దిగిన సంగతి వచ్చినప్పుడు మనం భద్రతామండలి సభ్యులం. ఖండన తీర్మానం మీద ఓటు వేయకుండా కూర్చున్నాం. అది భరించలేక కేంద్రమంత్రి అశోక్ మెహతా రాజీనామా చేశారు. ఆయనకు ఒక నమస్కారం. 1979 డిసెంబరులో అఫ్ఘానిస్తాన్ మీద జరిగిన సోవియట్ దాడి విషయంలోనూ అదే వరస. 1961లో గోవాలో మన సైన్యం దిగినప్పుడు పశ్చిమ దేశాలు అది దురాక్రమణ అన్నాయి. భద్రతామండలిలో మనల్ని ఆదుకున్నది సోవియట్ వీటో. గోవాలో గానీ, మన గౌతమీ తీరంలో 1954లో ఫ్రెంచివారు వదిలిన యానాంలో గానీ జరిగింది వలసపాలన అంతమేనని నేనూ నమ్ముతాను. అయితే వీటో అనేదే అన్యాయమని ఉపన్యసించేటప్పుడు, దాని నీడలో మనమూ ఒకసారి తలదాచుకున్నామని గుర్తుంచుకోవాలి.

వీటన్నిటికంటే నన్ను కలచివేసినది 2022 నవంబరు 14 నాటి ఓటు. ఉక్రెయిన్‌కు రష్యా నష్టపరిహారం చెల్లించాలని, నష్టాల జాబితా తయారుచేయాలని సర్వసభలో తీర్మానం వచ్చింది. అనుకూలం 94, వ్యతిరేకం 14, తటస్థం 73. ఆ 73లో భారతదేశం ఉంది. సర్వసభ తీర్మానంతో పరిహార ప్రక్రియ మొదలుపెట్టడం న్యాయపరంగా చెల్లుతుందా, శాంతికి ఉపయోగపడుతుందా అని మన ప్రతినిధి సందేహం వెలిబుచ్చారు. న్యాయశాస్త్రం ప్రకారం అది పట్టించుకోదగ్గ ప్రశ్నే. కువైట్ పరిహారానికి భద్రతామండలి ముద్ర ఉంది, దీనికి లేదు. ఆ ముద్ర దొరకకపోవడానికి కారణం ముద్దాయే ముద్ర పట్టుకుని కూర్చోవడం కదా! రాజోలులో, రాయచోటిలో వేల ఇళ్ళకు దండయాత్ర పరిహారం అందుకున్న దేశం, అదే హక్కును ఖార్కివ్ ఇళ్ళకు ఇవ్వాలా అన్నప్పుడు చెయ్యి ఎత్తలేకపోయింది. చవక చమురు ఆ చెయ్యిని పట్టుకుందని నా అనుమానం.

మన వాట్సాప్ బృందాల్లో ఇంకో రకం వాదన నడుస్తోంది. అమెరికా ఇరాక్‌లో చేసింది కాబట్టి రష్యా ఉక్రెయిన్‌లో చేస్తే తప్పేమిటని. ఇరాక్ ఉదాహరణను ఇలా వాడుకునేవారితో నాకు పొత్తు కుదరదు. ఉక్రెయిన్‌లోని బుచా వీధుల్లో పడి ఉన్న శవాలకు ఇరాక్‌లోని ఫలూజా శవాలు సమాధానం కావు. ఒకరి దగ్గర వసూలు చేయలేదు కాబట్టి ఎవరి దగ్గరా వసూలు చేయవద్దు అనడం దోపిడీదారుల సంఘం తీర్మానంలా ఉంటుంది. ఒకరి దగ్గర వసూలు చేశారు కాబట్టి అందరి దగ్గరా వసూలు చేయండి అన్నది నా పాట. రష్యా కేంద్రబ్యాంకు సొమ్ము దాదాపు 30,000 కోట్ల డాలర్లు పశ్చిమ దేశాల్లో స్తంభించి ఉంది, ఎక్కువ భాగం బెల్జియంలో. దాని మీద వచ్చే ఆదాయాన్ని చూపి ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల డాలర్ల రుణం ఇవ్వడానికి జి-7 సంపన్న దేశాలు 2024లో ఒప్పుకున్నాయి. నష్టాల నమోదు కార్యాలయం హేగ్‌లో పనిచేస్తోంది. వీటిలో నాకు అభ్యంతరం ఏమీ లేదు. ఇరాక్ పౌరుడు ఫారం పట్టుకుని వెళ్ళడానికి అలాంటి కార్యాలయం ఏ ఊళ్ళో ఉందో ఎవరైనా చూపించాలి, అంతే.

ఇక మన పని. సుంకాల మీద మన ప్రాంతపు అమెరికా కాంగ్రెస్ సభ్యుడికి వినతిపత్రం ఇవ్వాలని ఇక్కడి మన తెలుగు సంఘం కార్యవర్గం ఆలోచిస్తోందని విన్నాను. రొయ్యల రైతు నష్టం గురించి రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. నేను ఇంకో రెండు విషయాలు చేర్చమంటాను. యుద్ధం పేరు చెప్పి వసూలు చేసే ఏ సుంకమైనా ఆ యుద్ధంలో నష్టపోయినవారికి చేరాలి, అదే చమురు కొన్న అందరి మీదా ఒకే లెక్కన పడాలి. ఇది మొదటిది. రెండోది, ఉక్రెయిన్ కోసం తయారైన నష్టాల నమోదు పద్ధతిని 2003 తరువాతి ఇరాక్ పౌరులకూ వర్తింపజేయాలి. అమెరికాలో మనం కట్టే పన్నులు ఆ యుద్ధానికి వెళ్ళాయి, కాబట్టి అడిగే హక్కు కువైట్ పరిహారం తిన్న రాజోలు కంటే మనకే ఎక్కువగా ఉంది. ఇది తెలుగు సంఘం చేయవలసిన పనేనా అని సందేహించేవారికి ఒక మనవి: సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి పులిహోర మనం ఎలాగూ చేస్తాం, ఎవరూ ఆపడం లేదు.

ముసాయిదా రాసి కార్యదర్శికి పంపాను. ఒకటిన్నర పేజీ ఉంది. ఇరాక్ పేరా తీసేస్తేనే సంతకం పెడతామని ఎవరైనా అంటే, పేర్లు రాయను గానీ, ఎంతమంది అన్నారో వచ్చే సంచికలో తెలియజేస్తాను.